మూడు బిల్డింగులకు మూడు రౌటర్లు: అన్నిటికీ 192.168.1.1 ఉంచొచ్చా?

మిర్చి_ఐటీ
గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో కంప్యూటర్ల పని మొత్తం నా నెత్తినే ఉంది. మెయిన్ ఆఫీసులో 45 సిస్టమ్‌లు, టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) సర్వర్, ప్రింటర్లు, వేలిముద్ర హాజరు మిషన్. అదే కాంపౌండ్‌లో వెనకాల కోల్డ్ స్టోరేజీ. కేబుల్ లాగితే 180 మీటర్లు పడుతుంది. అక్కడ 10 సిస్టమ్‌లు, కాటా కంప్యూటర్, 32 కెమెరాలు, ఇంకో హాజరు మిషన్. ఇప్పుడు రోడ్డుకి అవతల కొత్త బిల్డింగు తీసుకున్నారు. డాబా నుంచి డాబాకి 300 మీటర్లు ఉంటుంది. 60 మంది అక్కడికి మారతారు.

ఓనర్ గారు నన్ను అడక్కుండా నాలుగేసి యాంటెన్నాల వైఫై రౌటర్లు మూడు కొనుక్కొచ్చారు. "క్యాట్ 6 కేబుల్ లాగి గుచ్చెయ్యండి, అదే పని చేస్తుంది" అన్నాడట అమ్మినవాడు. కోల్డ్ స్టోరేజీకి అలాగే లాగి, మధ్యలో స్తంభం దగ్గర డబ్బాలో ఒక స్విచ్ పెట్టాం. కాసేపు ఇంటర్నెట్ వస్తుంది, టాలీ రాదు. కాసేపు టాలీ వస్తుంది, ఇంటర్నెట్ రాదు. కొన్ని సిస్టమ్‌లలో ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని, అంటే ఒకే నెట్‌వర్క్ నంబరు (ఐపీ) రెండిటికి పడిందని, మెసేజ్. అన్ని రౌటర్లలోనూ 192.168.1.1 ఉంది. అలా ఉండొచ్చా? లేదంటే ఏ బిల్డింగుకి ఏ నంబర్లు ఇవ్వాలి?

పింగ్_పాంగ్
ఒకే ఊరికి ముగ్గురు సర్పంచులు. ఎవరు ముందు పలికితే వాళ్ల మాట చెల్లుతుంది.

రూట్_టేబుల్
పైన ఆయన జోకేశాడు గానీ జరుగుతున్నది అదే. సిస్టమ్ ఆన్ అవగానే నాకో ఐపీ కావాలని అడుగుతుంది. రెండు రౌటర్లలోనూ డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆన్‌లో ఉంది కాబట్టి ముందు అందిన జవాబు తీసుకుంటుంది. తర్వాత 192.168.1.1 ఎవరని అడిగితే ఇద్దరూ నేనే అంటారు. కోల్డ్ స్టోరేజీ రౌటర్‌కి ఇంటర్నెట్ లేదుగా, అది పలికినప్పుడల్లా నెట్ గల్లంతు. టాలీ సర్వర్‌కి ఉన్న ఐపీనే రెండో రౌటర్ ఇంకెవరికో ఇచ్చి ఉంటే టాలీ కూడా గల్లంతు.

ఒక ప్రశ్న. కేబుల్ వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైపుది) గుచ్చారా, ల్యాన్ పోర్టులోనా (లోపలి సిస్టమ్‌ల వైపుది)?

మిర్చి_ఐటీ
ముందు వ్యాన్‌లో. టాలీ అసలు రాలేదు. అప్పుడు ల్యాన్‌కి మార్చాం.

రూట్_టేబుల్
వ్యాన్‌లో పెడితే రాదు. రౌటర్‌కి అటూ ఇటూ 192.168.1 అయితే సర్వర్ తన ఇంట్లోనే ఉందనుకుని అక్కడే వెతుక్కుంటుంది, బయటికి పంపదు. కొన్ని మోడళ్లు ఇది పసిగట్టి లోపలి నంబర్లు వాటంతట అవే మార్చేస్తాయి. అది ఇంకో గందరగోళం.

రౌటర్‌కి రెండు వైపులా వేర్వేరు నెట్‌వర్కులు ఉండి తీరాలి. మీ ప్రశ్నకి జవాబు అంతే: ఉండకూడదు.

పాత_కేబుల్
నంబర్ల సంగతి తర్వాత. ముందు ఆ క్యాట్ 6 పీకెయ్యండి బాబూ.

రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. మధ్యలో స్విచ్ పెడితే దూరం కలిసొస్తుంది, నిజమే. కానీ గుంటూరు ఎండలో స్తంభం మీద డబ్బాలో ఆ స్విచ్ మే నెల గడుస్తుందా? దానికి కరెంటు ఎక్కణ్ణుంచి? అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. రెండు బిల్డింగుల ఎర్తింగ్ వేరు. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. దానికి దారి మీ క్యాట్ 6 తీగే. తణుకు వైపు ఒక రైస్ మిల్లులో తెల్లారేసరికి రెండు వైపులా స్విచ్‌లు, వాటికి తగిలించిన ప్రింటర్లతో సహా మాడిపోవడం నేను చూశాను. అదే గోడ వెంట వెళ్లిన ఫైబర్‌కి ఏమీ కాలేదు. గాజులో కరెంటు పారదుగా.

ఫైబర్ వెయ్యండి: సింగిల్ మోడ్ (ఎక్కువ దూరాలకి వాడేది), ఆర్మర్డ్, 6 కోర్ (ఆరు గాజు పోగులు). రెండు కోర్‌లు వాడతారు, మిగతావి స్పేర్. 180 మీటర్లకి మల్టీ మోడ్ కూడా చాలు. అయినా సింగిల్ మోడ్ వేస్తే రేపు 10 గిగాబిట్ కావాలన్నా చివర్లలో మాడ్యూళ్లు మార్చుకుంటే సరిపోతుంది. ఆర్మర్డ్ అంటే లోపల స్టీలు పొర ఉంటుంది. దాన్ని ఒక్క చివరే ఎర్త్ చెయ్యాలి. రెండు చివర్లా చేస్తే మళ్లీ పిడుగుకి దారి ఇచ్చినట్టే. పైపులో వేసి భూమిలో పాతండి. చివర్లలో స్ప్లైసింగ్ (పోగులు అతికించడం) చేయించి గోడ పెట్టెలో ముగించండి.

ఇంకో మాట, కోల్డ్ స్టోరేజీలో స్విచ్‌ని ఛాంబర్ తలుపు దగ్గర పెట్టొద్దు. తలుపు తెరిచినప్పుడల్లా చెమ్మ పడుతుంది.

మిర్చి_ఐటీ
ఛాంబర్ తలుపు దగ్గరే ఉంది ఇప్పుడు. ఎలక్ట్రీషియన్ పెట్టి వెళ్లాడు. అది మారుస్తాను. మరి రోడ్డు అవతలికి?

కరీంనగర్_క్రింపర్
డాబా నుంచి డాబా కనిపిస్తుందా? కనిపిస్తే ఫైబర్ ఎందుకు, 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ రేడియో జత పెట్టండి. ఆ బ్యాండ్‌కి 2018లోనే లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. ఒట్టి చూపు ఆనితే మాత్రం చాలదు, 300 మీటర్ల లింకుకి మధ్యలో చుట్టూ 2 మీటర్ల దాకా ఖాళీ ఉండాలి. చెట్టు కొమ్మలు, హోర్డింగులు చూసుకోండి. వానకి భయం లేదు. ఆ గొడవ 60 గిగాహెర్ట్జ్ వాటితో.

పాత_కేబుల్
రేడియో ఎందుకు, కేబుల్ టీవీ ఆపరేటర్‌ని అడిగితే స్తంభాల మీదుగా రెండు కోర్‌లు ఇస్తాడు.

కరీంనగర్_క్రింపర్
ఇస్తాడు. కోతులు ఊగుతాయి. తెగుతుంది. ఆపరేటర్ ఫోన్ ఎత్తడు. మా దగ్గర ఇది మామూలే అన్నా. సొంతంగా రోడ్డు దాటించాలంటే మునిసిపాలిటీ పర్మిషన్. రేడియో అయితే రెండు డాబాలూ మనవే, ఎవరినీ అడగక్కర్లేదు.

పాత_కేబుల్
60 మంది రోజంతా పని చేసే చోటికి గాల్లో లింకు అంటే నాకు మనసొప్పదు. సరే, పెట్టనీ. ఏదో ఒక రోజు ఎదురుగా అపార్ట్‌మెంట్ లేస్తుంది, అప్పుడు మాట్లాడదాం.

లలిత_నెట్
ఇక నంబర్లు. నేనైతే ముందు బిల్డింగు ప్రకారం విడదీస్తాను, ఆ తర్వాత పని ప్రకారం.

సొంత నెట్‌వర్కుల కోసం కేటాయించిన వరసలు మూడే, 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో ఉన్నవి. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168 మొత్తం. 192.168.1 వద్దు, ఇళ్లలో రౌటర్లు చాలావరకు దాంతోనే వస్తాయి. రేపు మీ అకౌంటెంట్ ఇంటి నుంచి వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చే రహస్య దారి) వస్తే అక్కడా ఇక్కడా అదే నంబరు, సర్వర్ దొరకదు. 172.17ని డాకర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా వాడుకుంటుంది, ఆ వరసా వద్దు. 10.0, 10.1 అందరూ పెట్టేస్తారు. మీరు ఎవరూ పెట్టనిది పట్టుకోండి:

మెయిన్ ఆఫీసు 10.61
కోల్డ్ స్టోరేజీ 10.62
కొత్త బిల్డింగు 10.63

మూడో అంకె పనిని చెప్పాలి. సిస్టమ్‌లు 10, ప్రింటర్లూ హాజరు మిషన్లూ 20, కెమెరాలు 30, వచ్చేపోయేవాళ్ల వైఫై 40. అంతా /24, అంటే ఒక్కో దాంట్లో 254 అడ్రసులు (గీత తర్వాతి అంకె పెరిగేకొద్దీ అడ్రసులు తగ్గుతాయి). 10.62.30.17 అని లాగ్‌లో కనబడితే అది కోల్డ్ స్టోరేజీ కెమెరా అని కాగితం చూడకుండానే తెలిసిపోతుంది. రౌటింగ్‌లో (ఏ అడ్రసుకి ఎటు పంపాలనే పట్టికలో) ఒక్కో బిల్డింగుకి ఒక్క లైను, 10.62.0.0/16 కోల్డ్ స్టోరేజీ వైపు, అంతే.

రౌటర్ల మధ్య లింకులకి 10.60 వేరుగా ఉంచండి. ఫైబర్‌కి 10.60.0.0/30, రేడియోకి 10.60.0.4/30. ఒక్కో దాంట్లో వాడుకునే అడ్రసులు రెండు, అటొకటి ఇటొకటి.

బండ_స్విచ్
115 సిస్టమ్‌లకి ఇంత హంగామానా? అంతా కలిపి ఒకే 10.61.0.0/22 పెట్టండి, 1022 అడ్రసులు. ఒకే రౌటర్, మిగతావి స్విచ్‌లు. టాలీ పని చేస్తుంది, ప్రింటర్ కనిపిస్తుంది, హాయిగా నిద్రపోవచ్చు. కెమెరాల వీడియో ఆ బిల్డింగులోని రికార్డర్‌కే వెళ్తుంది, ఫైబర్ మీదకి రానే రాదు. సబ్‌నెట్‌లు (విడివిడి చిన్న నెట్‌వర్కులు) పెట్టుకుని ఏం సాధిస్తారు?

లలిత_నెట్
కెమెరాల మాట ఒప్పుకుంటాను. సాధించేది ఇది: ఎవరో ఒకరు బల్ల కింది స్విచ్‌లో ప్యాచ్ కార్డు రెండు చివరలూ గుచ్చుతారు. మామూలు చౌక స్విచ్‌లకి లూప్ పట్టుకోవడం రాదు. బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే మెసేజ్) తిరుగుతూనే ఉంటుంది, లైట్లన్నీ టపటపా వెలుగుతాయి, నెట్‌వర్క్ చచ్చిపోతుంది. మీ ప్లాన్‌లో మూడు బిల్డింగులూ చస్తాయి, కాటా కూడా. నా ప్లాన్‌లో ఆ ఒక్క గది ఉన్న బిల్డింగే.

బండ_స్విచ్
మంచి స్విచ్ కొనమనండి, ఎస్‌టీపీ (లూప్‌ని పట్టి ఆపేది) ఆన్ చెయ్యమనండి. రోగానికి మందుంది కదా.

టాలీ_శీను
ఓనర్ నాలుగు యాంటెన్నాలు చూసి రౌటర్ కొన్నాడు. ఆయన అలాంటి మేనేజ్డ్ స్విచ్ కొంటాడా బండ గారూ 😄

డల్లాస్_ప్రసాద్
మా కంపెనీ క్యాంపస్‌లో రౌటర్ల మధ్య లింకులకి /31 వాడతాం. ఆర్ఎఫ్‌సీ 3021, 2000 నుంచీ ఉంది. /30లో నాలుగు అడ్రసులు పోతే వాడేది రెండే, సగం వృథా. రౌటింగ్‌కి ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు వాటంతట అవే చెప్పుకునే పద్ధతి) పెట్టండి, స్టాటిక్ రూట్లు (చేత్తో రాసే దారులు) పెరిగాక గుర్తుండవు. డీహెచ్‌సీపీ ఒకే సెంట్రల్ సర్వర్ మీద పెట్టి అన్ని చోట్లా రిలే (అడిగింది ఆ సర్వర్‌కి చేరవేసేది) పెట్టండి.

పింగ్_పాంగ్
10తో మొదలయ్యే అడ్రసులు కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. అందులో రెండు మిగిల్చి ఏ బ్యాంకులో వేస్తారు ప్రసాద్ గారూ?

కరీంనగర్_క్రింపర్
/31 సరే, రేడియో లింకుకి /30 కూడా కుదరదు. లలిత గారు ఇది చూడలేదు. అటు రౌటర్, ఇటు రౌటర్, మధ్యలో రేడియోలు రెండు. సిగ్నల్ ఎంతుందో చూడాలంటే రేడియోలకీ ఐపీ కావాలి. మొత్తం నాలుగు. /29 ఇవ్వండి, ఆరు వస్తాయి. 10.60.0.8/29: రౌటర్లకి 9, 10, రేడియోలకి 11, 12.

లలిత_నెట్
కరెక్ట్. /29 రాసుకోండి మిర్చి గారూ. 4 నుంచి 7 దాకా ఖాళీగా వదిలెయ్యండి, పర్వాలేదు.

ప్రసాద్ గారికి: ఇక్కడ చక్రం లేదు, నక్షత్రం. మెయిన్ ఆఫీసు మధ్యలో, మిగతా రెండూ దానికి వేలాడుతున్నాయి. ఆ రెండిట్లో ఒక్కో డిఫాల్ట్ రూట్ (తెలియని అడ్రసులన్నీ అటే), మెయిన్‌లో రెండు రూట్లు. మొత్తం నాలుగు లైన్లకి ఓఎస్‌పీఎఫ్ ఎందుకండీ? రెండో దారి ఏర్పడిన రోజు పెట్టుకుంటారు. డీహెచ్‌సీపీ కూడా ఏ బిల్డింగుది ఆ బిల్డింగు రౌటర్‌లోనే ఉండనివ్వండి. లింకు తెగిన పొద్దున కోల్డ్ స్టోరేజీ సిస్టమ్‌లకి ఐపీ కూడా రాకపోతే కాటా దగ్గర లారీలు బారులు తీరతాయి.

డల్లాస్_ప్రసాద్
కాటా పాయింట్ ఒప్పుకుంటున్నా. అమెరికాలో మాకు లారీల క్యూ లేదు.

రూట్_టేబుల్
ఇందాక వాళ్లు కొన్న వైఫై రౌటర్ల గురించి. చాలా ఇంటి రౌటర్లలో నాట్ (లోపలి అడ్రసులన్నీ ఒకే బయటి అడ్రసు వెనక దాచేది) ఆపడానికి ఆప్షనే ఉండదు. నాట్ ఉంటే కోల్డ్ స్టోరేజీ నుంచి సర్వర్‌కి వెళ్తుంది గానీ, ఆఫీసు నుంచి కోల్డ్ స్టోరేజీలోకి రాదు. కెమెరా చూడలేరు, హాజరు లాగలేరు. నాట్ అనేది ఇంటర్నెట్ తగిలే ఒక్క రౌటర్‌లోనే ఉండాలి, మిగతా రెండూ ఒట్టి రౌటింగ్ చెయ్యాలి. ఎస్ఎఫ్‌పీ పోర్టు (ఫైబర్ మాడ్యూల్ గుచ్చేది) ఉన్న చిన్న మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు మూడు తీసుకోండి. పాతవాటిని యాక్సెస్ పాయింట్లుగా (ఒట్టి వైఫై ఇచ్చేవి) వాడండి: డీహెచ్‌సీపీ ఆపి, ఐపీ మార్చి, ల్యాన్ పోర్టులో గుచ్చితే సరి. వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా చీల్చడం) కూడా అక్కర్లేదు, కెమెరాలకి ఎలాగూ వేరే స్విచ్ ఉంటుందిగా, దాన్ని రౌటర్‌లో వేరే పోర్టుకి పెట్టండి.

ఆ నాట్ రూల్‌లో 10.62, 10.63 కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క 10.61కే రాసి మిగతా బిల్డింగులకి నెట్ రావడం లేదని తల పట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

మిర్చి_ఐటీ
ఓనర్ గారు ఒప్పుకున్నారు. పిడుగు కథ చెప్పాను, వెంటనే ఒప్పుకున్నారు. ఫైబర్ పని మొదలైంది. మెయిన్ ఆఫీసులో 192.168.1 నుంచి 10.61కి ఒకేసారి మార్చాలా? ప్రింటర్లు, సర్వర్ అన్నీ చేత్తో ఇచ్చిన ఐపీలే.

లలిత_నెట్
అక్కర్లేదు. రౌటర్ ల్యాన్ వైపు రెండు అడ్రసులూ ఉంచండి, పాతదీ కొత్తదీ. డీహెచ్‌సీపీ కొత్తవి ఇస్తుంది, సిస్టమ్‌లు వాటంతట అవే మారతాయి. చేత్తో ఇచ్చినవి తీరిక చూసుకుని ఒక్కోటీ మార్చండి. చివరిది మారాక పాత అడ్రసు తీసెయ్యండి. సర్వర్‌కి ఎవరూ ఐపీ కొట్టకుండా ఒక పేరు పెట్టి డీఎన్‌ఎస్‌లో (పేరు చెబితే ఐపీ ఇచ్చే పట్టిక) ఎక్కించండి.

పాత_కేబుల్
ఫైబర్‌ని రాగికి మార్చే కన్వర్టర్ వాడుతున్నారా, ఎస్ఎఫ్‌పీనా? కన్వర్టర్ అయితే దాని అడాప్టర్ యూపీఎస్ మీద ఉందో లేదో చూడండి. కరెంటు పోయినప్పుడు రౌటర్ బతికి, బుల్లి కన్వర్టర్ చచ్చి, లింకు ఎందుకు పోయిందో తెలియక తిరిగినవాళ్లున్నారు.

మిర్చి_ఐటీ
ఎస్ఎఫ్‌పీనే. ఫైబర్ లింకు లేచింది, టాలీ పరుగెడుతోంది. రేడియో కూడా పెట్టాం. రెండు తిప్పలు మిగిలాయి.

ఒకటి, కోల్డ్ స్టోరేజీ హాజరు మిషన్ ఆఫీసు నుంచి అందడం లేదు. అదే చోట ఉన్న రౌటర్ నుంచి పింగ్ చేస్తే (ఉన్నావా అని అడిగితే) పలుకుతుంది, ఆఫీసు నుంచి చేస్తే పలకదు. దాని పక్కనున్న ప్రింటర్ మాత్రం ఆఫీసుకీ పలుకుతుంది.

రెండు, కొత్త బిల్డింగు నుంచి సర్వర్‌లో టాలీ వస్తుంది, షేర్డ్ ఫోల్డర్ రాదు. సర్వర్‌కి పింగ్ కూడా లేదు.

టాలీ_శీను
మొదటిది నా సబ్జెక్టు. మిషన్ మెనూలో ఈథర్‌నెట్ సెట్టింగుకి వెళ్లండి. ఐపీ ఉంటుంది, మాస్క్ ఉంటుంది, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రసు) దగ్గర 0.0.0.0 ఉంటుంది. బిగించేవాడు అది నింపడు. అంతా ఒకే నెట్‌వర్క్ అయినప్పుడు గేట్‌వే లేకపోయినా నడుస్తుంది కదా, ఎవరికీ తెలియదు. మీ పింగ్ దాని దాకా వెళ్తోంది. జవాబు ఎటు పంపాలో దానికి తెలియదు. 10.62.20.1 అని కొట్టి రీస్టార్ట్ చెయ్యండి.

రూట్_టేబుల్
గేట్‌వే పెట్టే చోటే లేని పాత మిషన్ అయితే కోల్డ్ స్టోరేజీ రౌటర్‌లో దానొక్కదానికి సోర్స్ నాట్ పెట్టొచ్చు. రౌటరే అడుగుతున్నట్టు కనిపిస్తుంది, జవాబు ఇస్తుంది.

లలిత_నెట్
పెట్టొచ్చు, కానీ కామెంట్ రాయకుండా పెట్టొద్దు. రెండేళ్ల తర్వాత వచ్చేవాడు ఆ రూల్ చూసి ఇదెందుకని తీసేస్తాడు.

రెండోది విండోస్ ఫైర్‌వాల్. ఫైల్ షేరింగ్, పింగ్ రూల్స్‌లో స్కోప్ (ఎవరిని రానివ్వాలో) "లోకల్ సబ్‌నెట్" అని మామూలుగానే ఉంటుంది. మొన్నటిదాకా అందరూ ఒకే సబ్‌నెట్, ఇప్పుడు 10.63 నుంచి వచ్చేవాళ్లు దానికి బయటివాళ్లు. టాలీ రూల్‌కి ఆ హద్దు లేదు కాబట్టి అది వస్తోంది. సర్వర్‌లో ఆ రూల్స్ తెరిచి స్కోప్‌లో 10.62.0.0/16, 10.63.0.0/16 చేర్చండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యకండి.

బండ_స్విచ్
/22 పెట్టుంటే ఈ రెండు తిప్పలూ ఉండేవి కావు. అంతే, ఇంకేం అనను.

పింగ్_పాంగ్
అనేశారు.

మిర్చి_ఐటీ
రెండూ అయిపోయాయి. మిషన్‌లో అక్షరాలా 0.0.0.0 ఉంది శీనూ గారూ. స్కోప్ మార్చగానే ఫోల్డర్ వచ్చింది.

ఇప్పుడు ఓనర్ గారికి కోల్డ్ స్టోరేజీ కెమెరాలు ఇంట్లో ఫోన్‌లో కనబడాలట. రికార్డర్‌కి పోర్ట్ ఫార్వార్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి) పెట్టాను, రావడం లేదు.

కరీంనగర్_క్రింపర్
మెయిన్ రౌటర్ వ్యాన్ వైపు ఏ ఐపీ ఉంది? 100తో మొదలవుతోందా?

మిర్చి_ఐటీ
అవును, 100.72తో.

కరీంనగర్_క్రింపర్
100.64 నుంచి 100.127 దాకా నెట్ కంపెనీలు తమ లోపల వాడుకునే వరస, 2012లో కేటాయించారు. మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదన్నమాట. అవతల వాళ్ల నాట్ ఇంకోటుంది, మీరు ఎన్ని పోర్టులు తెరిచినా ఇంటర్నెట్ నుంచి మీ దాకా రాదు. స్టాటిక్ ఐపీ అడగండి, విడిగా డబ్బు తీసుకుంటారు.

రూట్_టేబుల్
స్టాటిక్ వచ్చినా రికార్డర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. వాటి సాఫ్ట్‌వేర్ ఎవరూ అప్‌డేట్ చెయ్యరు, పాస్‌వర్డ్ కూడా పాతదే ఉంటుంది. ఆ ఫార్వార్డింగ్ ఇప్పుడే తీసెయ్యండి. మెయిన్ రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టి ఓనర్ ఫోన్‌కి ఒక ప్రొఫైల్ ఇవ్వండి. వీపీఎన్ వాళ్లకి 10.60.100.0/24 కేటాయించి, అక్కణ్ణుంచి 10.62.30కి మాత్రమే దారి తెరవండి.

మిర్చి_ఐటీ
తీసేశాను. స్టాటిక్ ఐపీకి అప్లికేషన్ పెట్టాం. యార్డు దగ్గర కొట్టులో కూడా రెండు సిస్టమ్‌లు ఉన్నాయి, అవి కూడా కలపమంటారేమో. దానికి 10.64 ఇచ్చెయ్యనా?

లలిత_నెట్
ఇవ్వండి. లింకు లేకపోయినా నంబర్ల షీటులో ఈరోజే రాసి పెట్టండి, రేపు ఇంకెవరైనా 10.64ని వేరే దేనికో వాడెయ్యకుండా.

డల్లాస్_ప్రసాద్
నాలుగో సైట్. ఓఎస్‌పీఎఫ్ పెట్టే టైమ్ వచ్చిందా?

లలిత_నెట్
రాలేదండీ.